విమానం కాలు దిగకపోతే?

1993 వేసవిలో మా అమ్మ తొలిసారి అమెరికా వచ్చింది. బొంబాయి నుంచి న్యూయార్క్ దాకా ఒక తెలుగు కుటుంబం తోడుగా నిబ్బరంగానే ప్రయాణం చేసింది. న్యూయార్క్‌లో నేను ఎదురువెళ్లాను. అక్కడినుంచి డెట్రాయిట్‌కు చిన్న విమానంలో ఇద్దరమూ బయలుదేరాం. దిగడానికి కొద్ది నిమిషాల ముందు మా పాదాల కింద ఏదో గరగరలాడింది. గాలి హోరు ఒక్కసారిగా హెచ్చింది. ఆ తరువాత దభీమని శబ్దం. అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది.

“ఏమిట్రా ఆ చప్పుడు?”

“విమానం కాళ్లు దింపుతోందమ్మా. ఇందాకటినుంచీ కడుపులోకి ముడుచుకుని ఉన్నాయి.”

“మరి దిగకపోతే?”

ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే అప్పటికి ఆరేళ్లుగా నా ఉద్యోగం. విమానాలకు చక్రాల యంత్రాంగం తయారుచేసే ఒక సంస్థలో, ఆ యంత్రాంగం ఎలా ముడుచుకుంటుందో, ఎలా విచ్చుకుంటుందో, ఎక్కడ పట్టేస్తుందో కంప్యూటర్ తెర మీద ముందుగానే చూసి చెప్పడం నా పని. అయినా ఆ క్షణాన నాకు నోట మాట రాలేదు. “దిగుతాయిలే అమ్మా” అన్నాను. దిగాయి కూడా. ఆనాడు చెప్పలేకపోయిన జవాబును సావకాశంగా ఇక్కడ చెప్పే ప్రయత్నం చేస్తాను. మన సంఘ సభ్యులలో ఏటా ఒకసారైనా స్వదేశానికి విమానమెక్కని కుటుంబం అరుదు కనుక, ఆ దభీమన్న శబ్దం వెనుక ఉన్న శాస్త్రం వారికి ఆసక్తికరంగా ఉంటుందని నా ఆశ.

విమానాన్ని చూడగానే రెక్కలు, ఇంజన్లు మన దృష్టిని ఆకర్షిస్తాయి. కాళ్లను ఎవరూ పట్టించుకోరు. కానీ విమానం మొత్తం బరువులో ఇంచుమించు 3 నుంచి 5 శాతం ఆ కాళ్లదే. గాలిలో ఉన్నంతసేపూ అది వృథా బరువు. నేలను తాకే ఆ ఒక్క క్షణంలో మాత్రం సర్వభారమూ దాని మీదనే. పెద్ద ప్రయాణికుల విమానాలకు అమెరికా నిబంధనలు విధించిన ప్రమాణం ప్రకారం, సెకనుకు 10 అడుగుల వేగంతో నేలకు దిగినా కాలు తట్టుకోవాలి. మామూలుగా మనం దిగేటప్పుడు ఆ వేగం రెండు మూడు అడుగులను మించదు. పది అడుగుల వేగమంటే, విమానాన్ని సుమారు ఒకటిన్నర అడుగుల ఎత్తునుంచి వదిలేసినట్టు. ఇంతేనా అనిపిస్తుంది. వదిలేస్తున్న వస్తువు అరవై టన్నులదని గుర్తు తెచ్చుకోండి.

ఆ దెబ్బను మింగేది కాలి లోపలి నూనె, నైట్రోజన్ వాయువు. కాలు కుదించుకున్నప్పుడు నూనె ఒక సన్నని రంధ్రం గుండా పైకి చిమ్ముతుంది. అలా చిమ్మడంలో గతిజ శక్తి వేడిగా మారిపోతుంది. వాయువు స్ప్రింగులా పనిచేసి కాలిని మళ్లీ నెమ్మదిగా చాపుతుంది. ఈ ఏర్పాటు దశాబ్దాలుగా ఉన్నదే. అసలు చిక్కు, ఇంత దిట్టమైన కాలిని రెక్క మొదట్లో ఉన్న ఇరుకైన గూటిలో ఎలా సర్దాలన్నది. తలుపులు తెరుచుకోవాలి, కాలు మడుచుకోవాలి, కొన్ని విమానాలలో చక్రాల బండి కూడా ఒక పక్కకు వంగాలి, తలుపులు మళ్లీ మూసుకోవాలి. ఒకదాని వెనుక ఒకటి, వరుస తప్పకుండా. బోయింగ్ 777కు ప్రధానమైన కాళ్లు రెండు, ఒక్కొక్క కాలికి ఆరు చక్రాలు. ఎయిర్‌బస్ ఏ380కి అన్నీ కలిపి 22 చక్రాలు. అంత సామాను ముడిచి దాచడం పెట్టె సర్దడం లాంటిదే. కాకపోతే ఈ పెట్టె తనంత తాను సర్దుకోవాలి, అడిగినప్పుడల్లా తనంత తాను విప్పుకోవాలి.

దిగిన కాలు మళ్లీ మడుచుకోకుండా పక్కన ఒక ఊతకమ్మీ ఉంటుంది. అది మధ్యలో మోకాలిలా వంగుతుంది. మనం నిటారుగా నిలబడినప్పుడు మోకాలు కాస్త వెనక్కి బిగుసుకుంటే శరీరభారం దానిని వంచలేదు గదా! ఈ కమ్మీ కూడా తిన్ననైన రేఖను వెంట్రుకవాసి దాటి బిగుసుకుంటుంది. ఇక నేల ఎంత తన్నినా ఆ తన్ను దానిని మరింత బిగిస్తుందే తప్ప వదులు చేయదు. అమ్మ విన్న శబ్దంలో చివరి భాగం ఇదే.

ఇప్పుడు అమ్మ ప్రశ్న. కాళ్లను మామూలుగా దింపేది హైడ్రాలిక్ ద్రవపు ఒత్తిడి. ఆ ద్రవం కారిపోతే? అందుకే కాళ్లను పైన పట్టి ఉంచే కొక్కేలను వేరే దారిలో విడిపించే వీలు కల్పిస్తారు. కొక్కెం వీడగానే కాలు తన బరువుతో తానే కిందికి ఊగి, మోకాలు బిగించుకోవాలి. ముక్కు కింది కాలిని చాలా విమానాలలో ముందుకు ముడుస్తారు, ఎదురుగాలే దానిని వెనక్కి నెట్టి దించుతుంది కనుక. రెక్కల కింది కాళ్లు పక్కకు ముడుచుకుంటాయి, వాటికి గాలి సాయం అంతగా అందదు. కాలు నిట్టనిలువుకు చేరేకొద్దీ దానిని కిందికి లాగే గురుత్వాకర్షణ భ్రామకం సన్నగిల్లుతుంది. ఊయల అడుగుకు చేరిన చోట దానిని ఇంకా లాగే శక్తి ఏముంటుంది? కానీ కీళ్లలోని ఘర్షణ మాత్రం తగ్గదు. చిట్టచివరి ఆ నాలుగైదు డిగ్రీలలోనే విమానం కథ తేలుతుంది. అక్కడ సాయానికి స్ప్రింగులు పెడతారు. ఎంత బలమైన స్ప్రింగు? లెక్క అక్కడ మొదలవుతుంది.

ఆ లెక్క ఎలా చేస్తారో స్థూలంగా చెబుతాను. గణితమంటే భయపడేవారు కూడా ఈ రెండు మూడు పేరాలు ఓపిక పట్టాలని మనవి. గాలిలో స్వేచ్ఛగా ఉన్న ఏ వస్తువైనా ఆరు విధాలుగా కదలగలదు. మూడు దిక్కులలో జరగగలదు, మూడు ఇరుసుల చుట్టూ తిరగగలదు. దానిని ఒక కీలుతో గోడకు బిగిస్తే ఆరు స్వేచ్ఛలలో అయిదు పోయి ఒక్కటి మిగులుతుంది. బంతికీలు అయితే మూడు పోయి మూడు మిగులుతాయి. ఒక కాలి యంత్రాంగంలో ఇరవై భాగాలున్నాయనుకుంటే నూట ఇరవై స్వేచ్ఛలు. వాటిని కీళ్లు ఒక్కొక్కటిగా హరించగా, చివరికి కాలు దిగడమనే ఒకే ఒక్క కదలిక మిగలాలి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మీ ఇంటి తలుపును చూడండి. ఒక్క కీలు ఉంటే ఒక స్వేచ్ఛ మిగులుతుంది. మరి దానికి మూడు కీళ్లున్నాయి గదా! ఆరులోంచి పదిహేను తీసివేస్తే రుణసంఖ్య వస్తుంది. లెక్క ప్రకారం మీ తలుపు తెరుచుకోకూడదు. తెరుచుకుంటోంది. కారణం, మూడు కీళ్లూ ఒకే రేఖ మీద ఉన్నాయి, పైగా వాటిలో వెంట్రుకవాసి వదులుంది. కొయ్యకు ఆ మాత్రం వంగే గుణమూ ఉంది. భాగాలన్నీ వంగని ఉక్కుముక్కలని భావించే కంప్యూటర్‌కు ఇవేవీ తెలియవు. చాలా ప్రోగ్రాములు ఏం చేస్తాయంటే, మిగులు కీళ్లను చడీచప్పుడూ లేకుండా కొట్టివేసి లెక్క ముగిస్తాయి. తెర మీద తలుపు చక్కగా కదులుతుంది. కానీ కొట్టివేసిన కీలు మీద పడే బలమెంత అని అడిగితే సున్నా అని చూపుతుంది. అనుభవం లేని ఇంజనీరు ఆ సున్నాను నమ్మి కీలును సన్నగా చేశాడంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. నా దగ్గర పనిలో చేరిన కుర్రవాళ్లకు నేను మొదట చూపించేది ఈ సున్నానే.

ఇన్ని భాగాలకు న్యూటన్ సూత్రాలు విడివిడిగా రాసి, కీళ్లు విధించే షరతులను వాటితో ముడివేయాలి. ఆ ముడివేసే పద్ధతిని ఇచ్చినవాడు లగ్రాంజ్ అనే గణితవేత్త. 1788లో వెలువడిన ఆయన యంత్రశాస్త్ర గ్రంథంలో ఒక్క బొమ్మ కూడా కనిపించదని ఆయనే ముందుమాటలో గర్వంగా చెప్పుకున్నాడు. ఇవాళ తెర మీద రంగురంగుల బొమ్మలను ఆడించే ప్రోగ్రాములన్నిటి అడుగునా ఆ బొమ్మలు లేని పుస్తకపు సమీకరణాలే ఉన్నాయి. అవకలన సమీకరణాలు, బీజీయ సమీకరణాలు కలగలిసిన ఆ సమూహం వందల సంఖ్యకు చేరుతుంది. చేతితో సాధించడం మానవమాత్రులకు సాధ్యం కాదు.

కంప్యూటర్‌కు సాధ్యం చేసిన ఘనత చాలామందిది. తొలి అడుగులు విమానాల కోసం గాక ఉపగ్రహాల కోసం పడ్డాయి. 1958లో అమెరికా ప్రయోగించిన మొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్ 1 పెన్సిలులా సన్నగా, పొడవుగా ఉండేది. దాని పొడవు ఇరుసు చుట్టూ గిర్రున తిరుగుతూ స్థిరంగా ఉండాలని రూపకర్తలు ఆశించారు. కక్ష్యలో చేరాక అది అడ్డంగా పిల్లిమొగ్గలు వేయసాగింది. దాని నడుమునుంచి వేలాడే కొరడాల వంటి ఏంటెన్నాలు ఊగి ఊగి శక్తిని హరించడమే కారణం. మొత్తం వస్తువు వంగని కడ్డీ అనుకుని వేసిన లెక్కకు ప్రకృతి చెప్పిన సమాధానమది. ఆ తరువాత 1960ల నడుమ, అనేక భాగాలు కీళ్లతో కలిసిన ఉపగ్రహాల చలనానికి సమీకరణాలు వెలువడ్డాయి.

యంత్రాల విషయంలో ముఖ్యమైన పని మా ఊరి పక్కనే, యాన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. ఆచార్య మిల్టన్ ఛేస్, ఆయన బృందంలోని నికొలాయ్ ఓర్లాండియా 1970లలో ఆడమ్స్ అనే ప్రోగ్రామును రూపొందించారు. వారు పట్టుకున్న కిటుకు వినడానికి సులభం. ఊరంతా కలిపి వెయ్యి గడపలున్నా, ప్రతి ఇంటికీ ప్రతి ఇంటితో చుట్టరికం ఉండదు. ఏ ఇల్లయినా నాలుగైదు ఇళ్లతోనే వియ్యమందుతుంది. యంత్రంలో కూడా ఒక భాగం తనను తాకే రెండు మూడు భాగాలతోనే సంబంధం పెట్టుకుంటుంది. కనుక సమీకరణాల మాత్రికలో నూటికి తొంభై పైచిలుకు గడులు సున్నాలే. ఆ సున్నాలను నిలవ చేయకుండా, గుణించకుండా వదిలేస్తే, నాటి చిన్న కంప్యూటర్ల మీద కూడా లెక్క ముగుస్తుంది. రెండవ కిటుకు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు విలియం గేర్‌ది. నెమ్మదిగా దిగే కాలు, క్షణంలో తగిలే కొక్కెం, రెండూ ఒకే లెక్కలో ఉంటే కాలాన్ని ఎంత చిన్న అడుగులుగా విడగొట్టాలన్నది సమస్య. ఆయన 1971లో ప్రచురించిన పద్ధతి ఆ అడుగును అవసరాన్ని బట్టి పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. ఆయన ఇంటిపేరుకూ యంత్రాలలోని గేరుకూ ఏ సంబంధమూ లేదు. మా ఆఫీసులో కొత్తవాళ్లంతా ఉన్నదనే అనుకునేవారు.

1994 జూన్ 12న తొలిసారి ఎగిరిన బోయింగ్ 777ను పూర్తిగా కంప్యూటర్ మీదనే గీశారని పత్రికలు ఘోషించాయి. అది నిజమే. చెక్కతో, లోహంతో పూర్తి నమూనా కట్టే పాత ఆచారాన్ని ఆ విమానంతో చాలావరకు విడిచిపెట్టారు. అయితే భాగాలు ఒకదానిలో ఒకటి ఇమడుతున్నాయా అని చూడడం వేరు, అవి బరువుతో, గాలితో, ఘర్షణతో కదులుతూ ఎలా ప్రవర్తిస్తాయో చూడడం వేరు. మొదటిది బొమ్మ, రెండవది లెక్క.

ఆ తేడా నాకు తెలిసివచ్చింది 1990లో. ఒక చిన్న విమానపు ప్రధానమైన కాలికి నేను లెక్క వేశాను. కొక్కెం వీడిన తొమ్మిది సెకన్లలో తాళం పడాలి. తెర మీద ఎన్నిసార్లు చూసినా అంతే వచ్చింది. మా మేనేజరుకు చూపించాను, మెచ్చుకున్నాడు. తరువాత అసలు కాలిని శీతలగదిలో బిగించి, సున్నాకు దిగువన 40 డిగ్రీలకు చల్లబరిచారు. (సెంటీగ్రేడా, ఫారెన్‌హీటా అని అడగనక్కరలేదు, రెండూ కలిసే చోటు అదొక్కటే.) కొక్కెం వీడింది. కాలు దిగింది, దిగుతూ దిగుతూ నెమ్మదించింది, తాళానికి నాలుగు డిగ్రీల దూరంలో ఆగిపోయింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. తలనెరిసిన ఒక టెక్నీషియన్ మందపాటి చేతిజోళ్లు తొడుక్కుని లోపలికి వెళ్లి, కాలి మీద అరచెయ్యి ఆనించి మెల్లగా నెట్టాడు. టక్కున తాళం పడింది. బయటికి వచ్చి నాతో, “గాలిలో ఈ పని చేయడానికి నన్ను పంపిస్తారా?” అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

తప్పు సమీకరణాలది కాదు, నాది. కీళ్లలోని ఘర్షణకు నేను వాడిన అంకె ఒక చేతిపుస్తకంలోంచి తీసుకున్నది, గది ఉష్ణోగ్రత దగ్గర కొలిచినది. ముప్పై వేల అడుగుల ఎత్తున గంటల తరబడి గడ్డకట్టిన గ్రీజు ఆ పుస్తకం చదవలేదు. మా చిన్నతనంలో మా తాతగారు బండి ఇరుసుకు ఆముదంలో మసి కలిపి కందెన వేసేవారు. చలికాలం తెల్లవారుజామున కందెన బిగుసుకుంటే ఎడ్లు మొదటి నాలుగు అడుగులు కష్టంగా లాగేవి. నేను ఆ బండిలో కూర్చుని చూసినవాణ్ణే. పట్టా చేతికి వచ్చాక మరచిపోయాను.

స్ప్రింగును బలంగా చేస్తే సరిపోతుందిగా అని మీరనవచ్చు. అలా చేస్తే కాలిని పైకి ముడిచేటప్పుడు ఆ స్ప్రింగుతో పెనుగులాడాలి. దానికి పెద్ద హైడ్రాలిక్ సిలిండరు కావాలి, దానికి మందమైన ఆధారం, దానికి మరింత బరువు. అందుకని చల్లని గ్రీజు ఘర్షణను కీలు కీలుకూ కొలిచి, ఆ అంకెలతో మళ్లీ లెక్క వేశాం. చలి, ఎదురుగాలి వేగం, పక్కగాలి, కీళ్ల అరుగుదల, వీటిని మార్చి మార్చి కొన్ని వందల సార్లు కాలిని తెర మీద దించాం. ఇన్ని వందల సార్లు శీతలగదిలో నిజమైన కాలిని దించాలంటే సంవత్సరం పడుతుంది. కంప్యూటర్ అసలైన ప్రయోజనం ఇక్కడ ఉందని నా అభిప్రాయం. అది పరీక్షను మాన్పించదు. ఏ పరీక్ష చేస్తే మన గుట్టు బయటపడుతుందో చెబుతుంది.

ఇప్పటి ప్రోగ్రాములు వంగే భాగాలను వంగేవిగానే లెక్కిస్తాయి. అది ఎంత అవసరమో నేలను తాకే క్షణాన్ని గమనిస్తే తెలుస్తుంది. గాలిలో నిశ్చలంగా ఉన్న చక్రం గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో రన్‌వేను తాకుతుంది. అది తిరగడం మొదలుపెట్టేలోగా టైరు రాచుకుని పొగ లేస్తుంది. ఆ లాగుడుకు కాలు వెనక్కి వంగి, చక్రం వేగమందుకోగానే వింటిబద్దలా ముందుకు కొడుతుంది. వంగని కాలితో వేసిన లెక్కలో ఈ రెండవ దెబ్బ అసలు కనిపించదు. ఇక ముక్కు కింది చక్రం జబ్బు మరొకటి. కిరాణా దుకాణపు తోపుడుబండి ముందుచక్రం ఒక్కోసారి టకటకా కొట్టుకుంటుంది గదా, అదే ఇదీను. జర్మనీలో ష్లిప్పే, డీట్రిష్ అనే పరిశోధకులు 1941లోనే టైరు సాగుదలను లెక్కలోకి తెచ్చి దీనిని విశదీకరించారు. ఒక కీలులో మిల్లీమీటరు లోపు అరుగుదల ఉన్నా ఆ వణుకు పుట్టవచ్చు. కొత్త విమానానికి సరైన లెక్క పదేళ్ల విమానానికి సరికాకపోవచ్చునన్నమాట.

అరుగుదల అనగానే మరచిపోలేని ఉదంతం ఒకటి ఉంది. 2000 జనవరి 31న మెక్సికో నుంచి వస్తున్న అలాస్కా ఎయిర్‌లైన్స్ 261వ విమానం కాలిఫోర్నియా తీరాన సముద్రంలో కూలి, 88 మంది మరణించారు. తోకలోని అడ్డరెక్కను పైకీ కిందికీ వంచే పొడవాటి మర, దాని మీద నడిచే నట్టు, ఆ నట్టులోని మరచుట్లు పూర్తిగా అరిగి ఊడిపోయాయి. తగినంత కందెన లేకపోవడమే అరుగుదలకు కారణమని విచారణ సంఘం తేల్చింది. కందెన వేసే గడువును, అరుగుదల కొలిచే గడువును అంతకుముందు పొడిగిస్తూ పోయారు. ఆ మర ఎంత బరువు మోయగలదో రూపకర్తలు వేసిన లెక్కలో లోపం లేదు. కానీ ఆ లెక్కలో కందెన ఉన్నది. విమానంలో లేదు.

అమ్మ ప్రశ్నకు మాటకు మాటగా జవాబిచ్చిన సంఘటన కూడా ఒకటి జరిగింది. 2011 నవంబరు 1న నూవర్క్ నుంచి వార్సా వెళ్లిన పోలండ్ దేశపు లాట్ సంస్థ బోయింగ్ 767కు హైడ్రాలిక్ ద్రవం కారిపోయింది. పైలట్లు ప్రత్యామ్నాయ పద్ధతిని ఆశ్రయించారు. ఒక విద్యుత్ మోటారు కొక్కేలను విడిపించాలి, కాళ్లు తమ బరువుతో దిగాలి. కొక్కేలు వీడలేదు. చివరికి కాళ్లు లేకుండానే, పొట్ట మీద విమానాన్ని రన్‌వేకు ఆనించారు. ఉన్న 231 మందికీ చిన్న గాయం కూడా కాలేదు. తరువాత చూస్తే, ఆ మోటారుకు విద్యుత్తు అందించే సర్క్యూట్ బ్రేకరు ఒకటి తెగి ఉంది. విమానాన్ని పైకెత్తి, బ్రేకరును నొక్కి మోటారును నడిపితే కాళ్లు బుద్ధిగా దిగాయి. కీళ్లు, స్ప్రింగులు, బరువు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఆ కాళ్ల లెక్క వేసిన ఇంజనీరెవరో నాకు తెలియదు గాని, ఆయన ఆ రాత్రి ఎలా నిద్రపోయి ఉంటాడా అని చాలాసేపు ఆలోచించాను.

ఆ 1993 నవంబరులోనే అమ్మ తిరుగు ప్రయాణమైంది. అంతకు ముందు ఒక ఆదివారం భోజనాల బల్ల మీద రెండు చెంచాలు, ఒక రబ్బరుబ్యాండు పెట్టి మోకాలితాళం చూపించాను. శీతలగది సంగతి కూడా దాచలేదు. అంతా విని, “మరి ఇప్పుడు కొలిచే వేస్తున్నారుగా?” అని మాత్రం అడిగింది. డెట్రాయిట్ నుంచి న్యూయార్క్‌కు మళ్లీ అదే చిన్న విమానంలో తీసుకువెళ్లాను. దిగేముందు గరగర మొదలైంది. పైలట్ల ఎదుట మూడు కాళ్లకు మూడు పచ్చదీపాలు వెలుగుతాయని చెప్పబోతున్నాను. అమ్మ నన్ను ఆగమన్నట్టు చెయ్యి ఎత్తి, తల కాస్త వంచి వింటోంది. దభీమని శబ్దం వచ్చింది.

“పడిందిరా తాళం” అంది.